గుర్రానికి పెట్టిన దండం

స్తంభంలో ఉన్నావా అని అడిగితే, ఉన్నానని స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామికి ముందుగా నా నమస్కారం. స్తంభంలో ఉన్నవాడు చదరంగం బల్ల మీద అరవై నాలుగు గళ్ళలోనూ ఉన్నాడు. తెల్లగడి, నల్లగడి అని చూడడు. ఆడేవాళ్ళ వేళ్ళలో ఉన్నాడు, పక్కన టిక్కుటిక్కుమనే గడియారంలో ఉన్నాడు, పెదవి దాటీ దాటని మాటలోనూ ఉన్నాడు. ఆయనకు వినబడని మాట లేదు. ఈ చివరి సంగతి నాకు పద్నాలుగేళ్ళ వయసుకే బాగా తెలుసు, అర్థతాత్పర్యాలతో సహా తెలుసు. తెలిసి కూడా నేనేం చేశానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. గోవిందా!

మా ఇల్లు నాచారంలో, కంపెనీల రోడ్డుకు రెండు సందుల ఇవతల. నాన్న ఒక మందుల కంపెనీ స్టోర్సులో గుమాస్తా. గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వస్తూ నాన్న నాయనమ్మను వెంట తెచ్చుకున్నాడు. నాయనమ్మ దేవుణ్ణి వెంట తెచ్చుకుంది. ప్రతి శనివారం సాయంత్రం మా ముందు గదిలో పారాయణం. కుర్చీలన్నీ డాబా మీదికి ఎక్కించి చాపలు పరిచేవాళ్ళం. పాతికమంది ఆడవాళ్ళు మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవారు. ముందు స్వామి వెయ్యి నామాలు, తర్వాత నాయనమ్మ ఒక శ్లోకానికి అర్థం చెప్పడం, ఆ తర్వాత ఆ వారంలో ఎవరి మీద స్వామి దయ చూపించాడో వాళ్ళు లేచి చెప్పడం, ఆఖరున ప్రసాదం. గ్యాస్ బండ సమయానికి వచ్చినా, మోకాలి నొప్పి తగ్గినా, పోయిందనుకున్న చెవిదుద్దు పప్పుడబ్బాలో దొరికినా అక్కడ చెప్పి తీరాల్సిందే.

ఎనిమిదేళ్ళకే వెయ్యి నామాలూ పుస్తకం చూడకుండా చెప్పేదాన్ని. దానివల్ల నాకు భక్తి వచ్చిందో లేదో గాని, భక్తురాలినన్న పేరు మాత్రం వచ్చింది. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. స్వామి మీద ఉన్నదానికన్నా ఒక పిసరు ఎక్కువే.

నాయనమ్మ నియమాల్లో అన్నిటికన్నా గట్టిది కాలు తగలడం గురించి. పుస్తకానికి తగిలితే పుస్తకాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. మనిషికి తగిలితే మనిషిని. బియ్యం చేటకు తగిలినా అంతే. "ఆలోచించి పెట్టే దండం దండం కాదే. చెయ్యి దానంతట అదే వెళ్ళాలి" అనేది. నా చెయ్యి అలాగే వెళ్ళేది. ఒకసారి ఉప్పల్ బస్సులో నా కాలు ఎవరిదో సంచికి తగిలితే, వంగి సంచిని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. సంచిలో కోడి ఉంది. పొడిచింది. అయినా నా అలవాటు మారలేదు.

నాకు చదరంగం నేర్పింది మా వీధి చివర ఉండే సార్. పగలు ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో లేత్ మిషన్ మీద పని, సాయంత్రం తన ఇంటి మెట్ల కింద ఎనిమిది బల్లలు వేసి క్లాసు. గోళ్ళ సందుల్లో గ్రీజుతోనే గుర్రాన్ని ఎంత సున్నితంగా ఎత్తేవాడో. ఆటలో నన్ను మెచ్చుకునేవాడు గాని నా దండాల దగ్గర ఆయనకు చికాకు. ప్రతి ఆటకూ ముందు నేను నా రాజును రెండు వేళ్ళతో ముట్టుకుని కళ్ళకద్దుకుంటాను.

"సూడు బిడ్డా, నీ రాజుకు మొక్కితె నాకేం ఫికర్ లేదు. గని గడియారం నడుస్తున్నప్పుడు మొక్కకు. మన కాడ ముట్టుకుంటె ఆడాలె. గదొక్కటే శాస్త్రం."

ఆ శాస్త్రం ఏమిటంటే, నీ వంతు వచ్చినప్పుడు నీ పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. ఎదుటివాళ్ళ పావును ముట్టుకుంటే, కుదిరితే దాన్ని కొట్టి తీరాలి. పావు గడిలో వంకరగా ఉంటే సర్దుకోవచ్చు, కాని ముట్టుకునే ముందే పైకి వినపడేలా 'అడ్జస్ట్' అనాలి. ఆ ఒక్క మాట అంటే తప్పు లేదు. అనకపోతే ముట్టుకున్నది ముట్టుకున్నట్టే.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఉప్పల్‌లో జిల్లా సెలెక్షన్లు జరిగాయి. పదిహేనేళ్ళ లోపు ఆడపిల్లలు, శని ఆదివారాల్లో ఏడు ఆటలు, మొదటి నలుగురికి రాష్ట్ర పోటీలకు పిలుపు. నాకు ఆ వయసు విభాగంలో అదే ఆఖరి ఏడు. ముందు వారం పారాయణంలోనే లేచి చెప్పేశాను, స్వామి నన్ను రాష్ట్ర పోటీలకు తీసుకెళ్తున్నాడని. స్వామిని అడిగి చెప్పలేదు. చెప్పేశాక ఆయన ఎలాగూ కాదనలేడని నా ధీమా.

పోటీలు పెట్టింది ఒక ఫంక్షన్ హాల్లో. ముందు రోజు అక్కడ ఎవరిదో పెళ్ళి అయింది. స్తంభాలకు బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి, స్టేజి మీద ఎర్ర సింహాసనాలు రెండు అలాగే ఉన్నాయి. తల మీద ఫ్యాన్లు విమానాల్లా చప్పుడు చేస్తున్నాయి.

మూడో ఆటలో నాకు ఎదురుగా కూర్చున్నది నాగారం నుంచి వచ్చిన అమ్మాయి. నా ఈడుదే. సన్నగా, నూనె పెట్టి బిగించిన జడతో, మాట గొంతులోనే ఉండిపోయేలా మాట్లాడే పిల్ల. వాళ్ళమ్మ నాచారంలోనే ఏదో కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, మెళ్ళో కంపెనీ కార్డు అలాగే ఉంది. గోడ వారన కుర్చీలో కూర్చుని కునుకు తీస్తోంది.

ఆ అమ్మాయి నన్ను నెమ్మదిగా నలిపేస్తోంది. ఆటలో ఒక దశకు వచ్చేసరికి నాకు నామాలు తప్ప ఎత్తులు తోచడం మానేశాయి. అప్పుడు తన శకటు ఒకటి గడి గీత మీద ఒరిగి ఉంటే, ఆ అమ్మాయి చెయ్యి చాపి దాన్ని సరిగా నిలబెట్టింది. ముట్టుకునే ముందు పెదవులు కదిలాయి. 'అడ్జస్ట్' అంది.

ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది గనుక మళ్ళీ రాస్తున్నాను. అంది. నాకు వినిపించింది. ఫ్యాన్ల చప్పుడులో చిన్నగా, స్పష్టంగా వినిపించింది.

ఆ శకటు అక్కడి నుంచి కదిలితే దాని వెనక ఉన్న ఏనుగు నాకు ఊరికే దొరుకుతుంది. అది చూసీ చూడగానే నా చెయ్యి పైకి లేచింది. చెయ్యి దానంతట అదే వెళ్ళాలన్న నాయనమ్మ మాట అక్కడా పాటించాను.

ఆట తగువులకు తీర్పు చెప్పే ఆర్బిటర్ మేడమ్ వచ్చింది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని హాలంతా తిరిగే మనిషి.

"ఏమైంది?"

"శకటును ముట్టుకుంది మేడమ్."

"అడ్జస్ట్ అన్న మేడమ్" అంది ఆ అమ్మాయి. ఈసారీ గొంతులోనే.

మేడమ్ నా వైపు తిరిగింది. "అన్నదా?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానంటే, స్వామిని తలుచుకోవడానికి. అబద్ధం చెప్పే ముందు ఆయన్ను తలుచుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. "నాకు వినిపించలేదు మేడమ్."

"నీ మాట పక్కోళ్ళకు వినపడాలె గద బిడ్డా" అంది మేడమ్ ఆ అమ్మాయితో, విసుగు లేకుండానే. "శకటు కదుపు."

ఆ అమ్మాయి కదిపింది. ఏనుగు పోయింది, కాసేపటికి ఆట పోయింది. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నన్నొకసారి చూసింది, అంతే. నేను మాత్రం రాజును కళ్ళకద్దుకుని లేచాను.

ఆ సాయంత్రమే పారాయణం. ప్రసాదానికి ముందు లేచి నిలబడి, మూడో ఆటలో స్వామి చేసిన లీల చెప్పాను. ఓడిపోబోతున్న నన్ను చూడలేక స్వామి ఎదుటి అమ్మాయి చేతిని పట్టుకుని ఆ శకటు మీదికి నడిపించాడన్నాను. గొంతు కూడా కాస్త వణికించాను. పాతికమందీ "గోవిందా!" అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ కళ్ళు తుడుచుకుని, "వచ్చే నెల మావాడి ఎంట్రన్సు, వాడి పేరు మీద కూడా ఒక దండం పెట్టమ్మా, నీ దండం పారుతోంది" అంది. పెడతానన్నాను.

నాయనమ్మ నా చేతిలో పులిహోర పెడుతూ అడిగింది: "ఆ పిల్ల ఏమీ అనలేదుటే?"

"లేదు నాయనమ్మా."

"ఊఁ" అని పక్కవాళ్ళకు పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరో ఆట ముగిసేసరికి నా లెక్క తేలిపోయింది. ఏడోది గెలిస్తే మొదటి నలుగురిలో ఉంటాను. ఓడితే లేను. ఎదురుగా కూర్చోబోయేది ఎవరా అని చూస్తే దమ్మాయిగూడ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల. ముందు పళ్ళు రెండు లేవు. కుర్చీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. ఆ అందని కాళ్ళను ఆటంతా ఊపుతూనే ఉంటుంది. కూర్చోగానే నన్ను పలకరించింది.

"అక్కా, నువ్వు మస్తు మొక్కుతవంట గద. గెలుస్తవా మరి?"

"స్వామి దయ" అన్నాను పెద్దరికంగా.

"మా డాడీ ఏమన్నడంటె, మొక్కేటోళ్ళతోని ఆడితె జల్ది జల్ది ఆడమన్నడు. వాళ్ళు కండ్లు మూసుకున్నప్పుడు గడియారం నడుస్తనే ఉంటదంట."

ఆట బాగానే సాగింది. సగానికి నాకు రెండు బంటులు ఎక్కువ. ఆ పిల్ల కాళ్ళు ఊపడం తగ్గించి, పెదవి కొరుక్కుంటూ ఆలోచిస్తోంది. దాని గుర్రం ఒకటి బల్ల మధ్యకొచ్చి కూర్చుంది. నా రాణి దాన్ని కొట్టగలదు గాని, కొడితే వెనక కాపలా ఉన్న బంటు రాణిని తినేస్తుంది. కాబట్టి దాని జోలికి పోకూడదు. ఆ మాత్రం నాకు తెలుసు.

నా వంతు. ఆలోచిస్తూ బల్ల కింద కాలు చాపాను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల కాళ్ళు ఊపడం మళ్ళీ మొదలెట్టింది. నా చెప్పు దాని కాలి మీద ఠప్పున పడింది.

ఇక చెప్పేదేముంది? నా చెయ్యి దానంతట అదే వెళ్ళింది. బల్ల అంచున పెట్టుకున్న ఆ పిల్ల చెయ్యి ముట్టుకుందామని వెళ్ళింది. కాలు నొప్పి పెట్టి ఆ పిల్ల చటుక్కున వెనక్కి జరిగింది. నా రెండు వేళ్ళు దాని గుర్రం తల మీద వాలాయి. అక్కడైనా ఆగవచ్చు. ఆగలేదు. పద్ధతిగా వేళ్ళు తెచ్చి రెండు కళ్ళకూ అద్దుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

"అక్కా. నా గుర్రం ముట్టుకున్నవ్. కొట్టాలె."

"నీకు కాలు తగిలిందమ్మా. దండం పెట్టుకున్నాను."

"కాలు నాకు తాకింది. దండం గుర్రానికి పెట్టినవ్."

చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వారు. ఆ పిల్ల చెయ్యెత్తింది. మేడమ్ వచ్చింది. నేను లేచి నిలబడి, మా ఇంట్లో కాలు తగలడం గురించి ఉన్న నియమాలు మొదటి నుంచీ మొదలుపెట్టాను. బియ్యం చేట దగ్గరికి వచ్చేసరికి మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ ఇంట్లనే కాదు తల్లీ, అందరి ఇండ్లల్ల గంతే. కూసో." పిల్ల వైపు వంగింది. "నిజం చెప్పు బిడ్డా. అక్క కాలు నీకు తాకిందా?"

ఆ పిల్ల బల్ల వైపు చూసింది. లేదు అంటే నా రాణి దానిదే. ఆ సంగతి దానికి నాకన్నా బాగా తెలుసు. ఒక ఎత్తు ఆలోచించినంతసేపు ఆలోచించింది.

"తాకింది మేడమ్. జర గట్టిగనే తాకింది."

"చెయ్యి నీ దిక్కు వచ్చిందా, గుర్రం దిక్కు వచ్చిందా?"

"నా దిక్కే వచ్చింది. నేనే జరిగిన."

"అయితె ఇది ఎత్తు కాదు. కొట్టాలని ముట్టుకోలే. ఆడుకోండ్రి."

అలా తొమ్మిదేళ్ళ పిల్ల రెండు నిజాలు చెప్పి నా రాణిని నాకు తిరిగి ఇచ్చింది. నేను నిట్టూర్చి తల తిప్పాను. వెనక నిలబడి ఉంది, నాగారం అమ్మాయి. తన ఆట ముందే గెలిచి, మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

ఆ చూపు నాకు అర్థమైపోయిందనుకున్నాను. నిన్న నన్ను ఏమార్చావు, ఇవాళ నీకు న్యాయం దొరికిందా అని అడుగుతోందనుకున్నాను. నాయనమ్మ చెప్పిన పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం, శరణాగతి లాంటి పెద్ద మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. స్వామి నన్ను పరీక్షిస్తున్నాడు. ఇప్పుడు నేను త్యాగం చెయ్యాలి. నిజం చెప్పాలంటే, వచ్చే శనివారం ఈ త్యాగం ఎలా చెప్పాలో మొదటి రెండు వాక్యాలు కూడా అప్పుడే కుదిరాయి.

రాణిని ఎత్తి ఆ గుర్రాన్ని కొట్టాను.

"అక్కా?" అంది ఆ పిల్ల. "మేడమ్ వద్దన్నది గదా!"

నేను క్యాలెండర్ బొమ్మల్లో దేవతలు నవ్వినట్టు నవ్వాను.

"పిచ్చి లేసిందా ఏంది" అని గొణిగి, నా మనసు మారుతుందేమోనని గబుక్కున బంటుతో రాణిని తీసేసింది. ఆ తర్వాత అట్టే సేపు పట్టలేదు. చెయ్యి కలుపుతూ, "మళ్ళెప్పుడు ఆడుదాం అక్కా?" అంది ఆశగా.

బయటికి వచ్చేటప్పుడు ఒళ్ళు దూదిలా ఉంది. ఓడినదాన్ని కాదు, తీర్థంలో మునిగి లేచినదాన్ని. ద్వారం దగ్గర సార్ నిలబడి ఉన్నాడు, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని.

"గుర్రానికి మొక్కినవ్, సరే. క్వీన్‌ను నైవేద్యం పెట్టుడేంది?"

"నిన్న ఒక తప్పు చేశాను సార్. దానికి ప్రాయశ్చిత్తం." మూడో ఆట సంగతి చెప్పాను. వినిపించిందని మొదటిసారి పైకి చెప్పింది ఆయనకే. సార్ గోడకు అంటించిన ఫలితాల కాగితం దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, గ్రీజు గోరుతో నాలుగో పేరు, ఐదో పేరు చూపించాడు. ఐదోది నాగారం అమ్మాయి పేరు.

"ఇద్దరికీ పాయింట్లు ఒక్క తీరే. అప్పుడు ఏం జేస్తరు? ఎవరెవరితోని ఆడిన్రో ఆ ఎదుటోళ్ళ పాయింట్లు కూడుతరు. ఎదుటోళ్ళు గట్టోళ్ళయితె వీళ్ళు గట్టోళ్ళన్నట్టు. ఈ పిల్లకు అర పాయింటు తక్కువొచ్చింది. ఈమె ఆడినోళ్ళల్ల నువ్వొకదానివి." నా వైపు తిరిగాడు. "నువ్వు ఇయ్యాల గెలిస్తె నీకు ఒకటి పెరుగుతుండె. నీకు పెరిగితె ఆమె లెక్కల పెరుగుతుండె. నిన్ను గెలిచిన చిన్నపిల్ల మూడోదయింది, ఆ జాగల నువ్వు పోతుంటివి, నీతోని ఆమె కూడ పోతుండె. ఒక్క క్వీన్‌తోని ఇద్దర్నీ ముంచినవ్ బిడ్డా."

అప్పుడు అర్థమైంది, నా వెనక ఎందుకు నిలబడిందో. ఆ చూపులో న్యాయమూ లేదు, శాపమూ లేదు. ఆ హాల్లో నేను గెలవాలని నాకన్నా ఎక్కువ కోరుకున్న మనిషి ఆమె ఒక్కతే.

మంచినీళ్ళ క్యాను దగ్గర దొరికింది. గ్లాసు కడుక్కుంటోంది. వెళ్ళి నిలబడ్డాను గాని, వెయ్యి నామాలు తడుముకోకుండా చెప్పే నోరు ఒక్క మాట దగ్గర తడబడింది.

"నిన్న నువ్వు అడ్జస్ట్ అన్నావు. నాకు వినిపించింది."

"తెల్సు" అంది. "నువ్వు కండ్లు మూసుకున్నవ్. చెవులు మూసుకోలే."

"ఇవాళ అందుకే రాణిని..."

"నేనడిగిన్నా?" మొదటిసారి ఆమె గొంతు బయటికొచ్చింది. "నీ క్వీన్ నేనడిగిన్నా? ఆడ నిలబడి నువ్వు గెలవాలని మొక్కుకున్న. నాకు నీలెక్క మొక్కరాదు. అయినా మొక్కుకున్న. నువ్వేమో నా మొకం సూసి నవ్వుకుంట ఇచ్చేసినవ్."

"మేడమ్‌తో చెప్తాను" అన్నాను.

"చెప్పు పో."

చెప్పాను. మేడమ్ జుట్టులోంచి పెన్ను తీసి, కాసేపు చేతిలో తిప్పి, మళ్ళీ గుచ్చుకుంది. "ఆట కాయితం మీద ఇద్దరి సంతకాలు అయినంక దేవుడొచ్చి చెప్పినా ఫలితం మారదు బిడ్డా. నిన్ననే చెప్పాల్సింది. నిన్న అడిగిన గద నిన్ను." తిట్టలేదు. తిడితే కొంచెం తేలిక అయ్యేది.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. సార్ మిగతా పిల్లల కోసం ఉండిపోయి నన్ను ఎక్కించి పంపాడు. ఎక్కి చూస్తే ఎదురుగా రెండో సీటులో తల్లీకూతుళ్ళు. తల్లి కిటికీ పక్కన, ఆ అమ్మాయి ఇవతల. నేను నాచారంలోనే దిగాలి, వాళ్ళు నాగారం దాకా పోవాలి. అటు తిరిగి నిలబడ్డాను. తల్లి నన్ను గుర్తుపట్టింది, ఆడిన పిల్లనని మాత్రమే.

"ఓ బిడ్డా! గట్ల నిలవడ్డవేంది? ఇట్ల రా. ముగ్గురం అడ్జస్ట్ కావొచ్చు."

ఆ మాట ఆ రోజు ఇంకెవరి నోట విన్నా తట్టుకునేదాన్ని. సీటు చివర నాలుగు వేళ్ళ జాగాలో కూర్చున్నాను. ఆ తల్లి సంచిలోంచి పల్లీలు తీసి నాకూ పెట్టింది. "మీ ఇద్దరిట్ల గెలిచిందెవరు?" అని అడిగింది. ఇద్దరమూ పల్లీలు నమిలాం. హబ్సిగూడ దాటాం, నాచారం వచ్చింది, మందుల వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది.

దిగడానికి లేచాను. వెనక నుంచి ఎవరో తోశారు. నా కాలు ఆ అమ్మాయి పాదం మీద పడింది. చెయ్యి దానంతట అదే ఆమె మోకాలి మీదికి వెళ్ళింది. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"మొక్కుడు తర్వాత. ముందు విను." నా చెవి దగ్గరికి వచ్చి అంది: "అడ్జస్ట్."

చిన్నగానే అంది. బస్సు ఇంజను చప్పుడులో, నిన్న ఫ్యాన్ల చప్పుడులో ఎంత చిన్నగా అందో అంతే.

"వినిపించిందా?"

"వినిపించింది."

"గంతే" అని చెయ్యి వదిలేసింది. తల్లి "ఏందే అది?" అంటుంటే, "ఏం లేదమ్మా, ఆట మాట" అంటోంది. నేను దిగిపోయాను.

ఇంట్లో నాయనమ్మ వత్తులు చేసుకుంటోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. వత్తులు చేయడం ఆపకుండా విన్నది.

"రాణిని ఎవరికిచ్చావు?"

"ఆ చిన్నపిల్లకి."

"తప్పు ఎవరికి చేశావు?"

"ఈ అమ్మాయికి."

"అంటే ఒకళ్ళ చెప్పులు పోగొట్టి ఇంకొకళ్ళకి కొత్తవి కొనిపెట్టావన్నమాట. దానికి దండ కూడా వేయించుకుందామనుకున్నావు." ఒక వత్తిని అరచేతిలో గట్టిగా నలిపింది. "సరే, ఆ అమ్మాయి దగ్గర ఒప్పుకున్నావు. మరి నిన్న ఇక్కడ నిలబడి, స్వామి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించాడని చెప్పావే. నీ అబద్ధాన్ని తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టావు. దాన్ని దించవద్దూ? శనివారం దించు."

ఆ శనివారం రావడానికి ఆరు రోజులు పట్టింది, నాకు ఆరేళ్ళలా. దయ చెప్పే వేళ వచ్చింది. లేచాను. ఈసారి గొంతు దానంతట అదే వణికింది. శకటు మీదికి స్వామి ఎవరి చేతినీ నడిపించలేదని, ఆ అమ్మాయి మాట నాకు వినిపించిందని, వినిపించలేదని చెప్పింది నేనేనని చెప్పాను. పాతికమందిలో ఒక్కరూ గోవిందా అనలేదు. చివరికి ముందు వరసలో ఆవిడ కొంగు సర్దుకుని అంది: "అయితే అమ్మా, మావాడి ఎంట్రన్సుకి నువ్వేమీ పెట్టొద్దులే. నేనే చూసుకుంటాను."

అందరూ నవ్వారు. నాయనమ్మ కూడా. నవ్వుతూనే నా చేతిలో పులిహోర పెట్టింది, మునుపటి వారం కన్నా తక్కువేమీ పెట్టలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. నేను ఇప్పుడు ఉప్పల్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను, ఆదివారాలు సార్ మెట్ల కింద పిల్లలకు ఎత్తులు చెప్తాను. దమ్మాయిగూడ పిల్ల ఇప్పుడు నన్ను ఇరవై ఎత్తుల్లో ఓడిస్తుంది, కాళ్ళు నేలకు అందుతున్నాయి కూడా. నాగారం అమ్మాయి తర్వాత ఏ పోటీలోనూ నాకు కనబడలేదు. ఆమెకూ ఆ విభాగంలో అదే ఆఖరి ఏడు. ఆట మానేసిందో, వేరే చోట ఆడుతోందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించాను అని రాయబోయి ఆగాను. ఒకసారి వాళ్ళ బస్సు స్టాపు దాకా వెళ్ళి, దిగకుండా తిరిగి వచ్చాను. దాన్ని ప్రయత్నమనకూడదు.

అందుకే ఇది చదివినవారిని ఒక్కటి అడుగుతున్నాను. నా దండాల సంగతి మీకు తెలిసిపోయింది గనుక, నా ఒక్కదానిదీ చాలదు, మీరూ కలవండి. ఉన్నచోటనే, కళ్ళు మాత్రం మూసుకోకుండా, నాతో పాటు ఈ మాటలు అనండి. స్వామీ, ఆ అమ్మాయి ఎక్కడున్నా ఆమె చిన్న గొంతు ఎదుటివాళ్ళకు వినపడేలా చెయ్యి. విన్నవాళ్ళ నోట విన్నామనే మాట పలికించు. ఈ రాసినదాన్ని వచ్చే బస్సులో నాగారంలో దింపు. గోవిందా, గోవిందా.